ఫ్రేముకు బయట నిలబడ్డ కొడుకు

పదేళ్లు దాటింది. ఒక తల్లి అన్న మాటను లోపల పెట్టుకొని తిరుగుతున్న. ఆ మాట నాది కాదు. దాచిపెట్టమని ఆమె ఇచ్చిందీ కాదు. పదిమందికి వినిపించమని నా మైకులో చెప్పింది. నేను వినిపించలేదు. అంతటితో ఆగినా కొంత నయముండె. ఆమె ఆ మాట అననే లేదని ఆమె కన్నకొడుకుకు చెప్పిన. ఇప్పుడు ఆమె లేదు. ఆ రోజు ఆమె నోట ఆ మాట విన్న మనిషిని ఇక నేనొక్కడినే. నేను కూడా పోతే అది ఎవరూ అనని మాట అయిపోతది.

నా పేరు రాయడం లేదు. ఒప్పుకోవడానికి కూర్చొని మళ్లీ ముఖం దాచుకునుడు ఏమిటని మీరు అడగొచ్చు. నన్ను నేనే అడిగి చూసుకున్న. పిరికితనం తప్ప వేరే జవాబు దొరకలేదు. కానీ ఆ పిరికితనం పోయేదాకా ఆగితే ఇది ఎప్పటికీ రాయనని కూడా తెలుసు. అందుకే రాస్తున్న. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు నోరు తెరవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

గండిపేట దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్త. వార్త ఎట్ల రాయాలి, ఎట్ల రాయకూడదు అని. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలకు పాత సినిమాలు వేస్త. ఎక్కువ నలుపు తెలుపువి. పత్రికలవాళ్లు ఒక మామూలు మనిషిని పట్టుకొని దేవుణ్ని చేసే కథలు. చేసినవాళ్లే కింద పడేసే కథలు. ఒక ముఖం తెర మీద పెద్దగా కనిపించేసరికి జనం తమ బుద్ధిని తీసి దాని చేతికి అప్పజెప్పే కథలు. అవి చూపించి మధ్యలో ఆపి, ఇదిగో ఈ చోట ఈ మనిషి నిజాన్ని వదిలేసిండు అని వేలు పెట్టి చూపిస్త. బాగా చెప్తనని పేరు. పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడి వింటరు.

ఆ సినిమాలంటే నాకెందుకంత ఇష్టమో చాలా రోజులు నాకే అర్థం కాలేదు. వాటిలో అబద్ధం చెప్పేవాడు పెద్దవాడు. పత్రిక మొత్తం వానిదే అయ్యుంటది. పెద్ద బల్ల, పెద్ద గొంతు, చుట్టూ మనుషులు. చివరికి వానికి శిక్ష పడుతది. ఒంటరిగా మిగులుతడు, లేకపోతే చస్తడు. అది చూస్తుంటే నాకు హాయిగా ఉండేది. అబద్ధం అంటే అట్లాంటోళ్లు చెప్పేది అనుకునేందుకు వీలుండేది. నేను ఒక మండల విలేకరిని. తోడల్లుడి బండి మీద తిరిగేవాణ్ని. నేనెక్కడ, వాళ్లెక్కడ?

పోయిన సంవత్సరం ఒక సినిమా అయినంక చేవెళ్ల నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, ఈయన ఒక్కసారి అబద్ధం చెప్పిండు, సరే. మళ్ల మళ్ల ఎందుకు చెప్పిండు? ఆపొచ్చు కద?" నేను వ్యాపారం గురించి చెప్పిన. పోటీ గురించి, యజమానుల గురించి చెప్పిన. ఆమె తలవంచి బుద్ధిగా రాసుకున్నది. ఆమె రాసుకుంటుంటే నాకు సిగ్గేసింది. అసలు జవాబు నాకు తెలుసు. మొదటి అబద్ధం వార్త కోసం చెప్తరు. రెండోది మొదటిదాన్ని కాపాడుకోవడానికి చెప్తరు. ఆ రెండోదే పాపం. ఈ సంగతి నాకు ఏ సినిమా నేర్పలేదు.

ఇప్పుడు జరిగింది చెప్త.

అప్పుడు నేను మొయినాబాద్ మండలానికి ఒక టీవీ ఛానల్ విలేకరిని. ఆ మండలంలోనే హిమాయత్‌నగర్ అనే ఊర్లో ఒక పూలతోట ఉండె. అక్కడ చామంతుల్లో కలుపు తీసే ఆడవాళ్లలో యాదమ్మ ఒకతి. అరవై దాటినయి. వంగి కలుపు తీస్తూ పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఊరికే పని చేసేవాళ్లు కాదు, ఆ పాటతో నడిచేవాళ్లు. ఒకరోజు తోట మీద ఇంకేదో వార్త కోసం పోయి ఆ గొంతు విన్న. ఫోన్‌లో తీసి డెస్కుకు పంపిన. డెస్కు అంటే హైదరాబాద్ ఆఫీసులో మేము పంపినవి చూసి, ఏది వెయ్యాలో ఏది వద్దో చెప్పే మనుషులు.

అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. పాట బాగుంది, మరి కథ ఏది అని అడిగిండు డెస్కులో ఉన్నాయన. ఆమెకేమన్న కష్టముందా? భర్త పోయిండు సార్, కూలికి పోతది అన్న. పిల్లలు? అని అడిగిండు.

ఒక్క క్షణం ఆగిన. ఆ క్షణం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. ఏం చెప్పాలో చెప్పమని ఎవరూ అడగలేదు.

"పట్టించుకోరు సార్" అన్న.

ఎందుకన్న? ఆమెకు ఒక్కడే కొడుకు, నర్సింలు. హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్‌కు షేర్ ఆటో నడుపుతడు. అదే ఆటోలో నేను ఎన్నిసార్లు పోయిన్నో. పొద్దున తల్లిని తోట కాడ దించి సాయంత్రం ఎక్కించుకుపోతడు. ఇంటికాడ కూర్చోమంటే ఆమే కూర్చోదు, నలుగురితో పాడకపోతే తిన్నది అరగదంటది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్న. అవతలాయన గొంతు మారింది. "అట్లయితే మంచిగుంటది, డిటైల్డ్‌గ తీయి" అన్నడు. ఆ గొంతులో నా మీద కొత్త గౌరవం వినిపించింది. దాని కోసమే అన్నానేమో. అంతకంటే పెద్ద కారణం నేను ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు తీసినం. ఇంటికాడ కాదు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది, గోడకు మనుమరాలి ఫొటోలున్నయి, బయట ఆటో ఉన్నది. అందుకే తోట మూలకు ఉన్న బోరు మోటరు రూము కాడికి తీసుకుపోయిన. బ్యాక్‌గ్రౌండ్ బాగుంటదని చెప్పిన. గుమ్మంలో ఒక చినిగిన బొంత పరిపించి, సత్తుపళ్లెంలో అన్నం పెట్టించి, ఆమెను కూర్చోబెట్టిన. "నువ్వు గిట్ల కూసోమంటే గిట్ల కూసుంట బిడ్డ, నాకేమెరుక" అన్నదామె.

ఆమెను అక్కడికి ఆటోలో తెచ్చింది నర్సింలే. నీడలో ముఖం నల్లగా పడుతున్నదని, తెల్లటి థర్మోకోల్ షీటు ఒకటి తెప్పించి వాని చేతికే ఇచ్చిన. ఎండ దాని మీద పడి తల్లి ముఖం మీదికి మర్లేటట్టు పట్టుకొని నిలబడ్డడు. కెమెరాకు మూరెడు పక్కన. చేతులు గుంజుతుంటే మార్చి మార్చి పట్టుకున్నడు గాని దించలేదు.

"అన్న, నా మొఖం గూడ జర పడనియ్యి. నా ఆటోకు గిరాకి పెరుగుతది" అన్నడు నవ్వుకుంట.

"నీ మొఖం జూస్తే ఎక్కినోళ్లు గూడ దిగిపోతరు తియ్యిరా" అన్నది యాదమ్మ. ముగ్గురం నవ్వినం. ఆ నవ్వు కూడా కెమెరాలో పడింది. అది కోసేసిన.

సాయంత్రానికి వార్త వచ్చింది. కొడుకు వదిలేసిన తల్లి, పూలతోటలో కోయిల. వెనక నుంచి విషాద సంగీతం. తల్లి ముఖం మీద ఎంత చక్కటి వెలుగు పడిందో అందరూ మెచ్చుకున్నరు.

అక్కడికే ఆగిపోయేదేమో. చిన్న వార్తలు రెండు రోజుల్లో చస్తయి. కానీ దాన్ని ఒక సినిమా హీరో చూసిండు. పేరు చెప్పను. ఏదో ఫంక్షన్‌లో మాట్లాడుతూ ఆమె గురించి చెప్పి కండ్లు తుడుచుకున్నడు. "ఈ రోజు నుంచి ఆ తల్లికి నేను కొడుకును" అన్నడు. నేను ఇప్పటికీ నమ్ముత, ఆయన నటించలేదు. ఆయన కండ్లల్లో నీళ్లు నిజమే. నా అబద్ధం మీద ఆయన నిజంగా ఏడ్చిండు. ఒక పెద్ద మనిషి నిజంగా ఏడిస్తే అబద్ధానికి ఎంత బలం వస్తదో అప్పుడు చూసిన. ఇక దాన్ని ఎవరూ అనుమానించలేదు.

ఊర్లో వాళ్లకు నిజం తెలియదా? తెలుసు. తల్లికి పాణం బాగలేనప్పుడు నర్సింలు దవాఖానలో కాపలా పడుకున్నది వాళ్లే చూసిన్రు. అయినా, వారం పది రోజులు టీవీలో అదే వస్తుంటే, ఇరుగుపొరుగు కూడా మెల్లగా మాట మార్చిన్రు. లోపల ఏం జరుగుతదో మనకేమెరుక అన్నరు. అంత పెద్ద హీరో ఊరికే అంటడా అన్నరు. కండ్లతో చూసినదాన్ని పక్కన పెట్టి టీవీలో చూసినదాన్ని నమ్మిన్రు. ఆటో స్టాండులో ఆడవాళ్లు వాని బండి వదిలి వెనక బండి ఎక్కుడు మొదలుపెట్టిన్రు. ఎవరో వాని ఆటో వెనక అద్దం మీద బొగ్గుతో "తల్లి ఎక్కడ" అని రాసిన్రు. తుడిచేసిండు. మళ్లీ రాసిన్రు.

హీరో ఊరికి వచ్చే ముందు రోజు నర్సింలు నన్ను వెతుక్కుంట వచ్చిండు. చేవెళ్ల రోడ్డు మీద ఒక చాయ్ హోటల్ ముందు దొరికిన. కోపంగా వస్తడనుకున్న. మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డడు.

"అన్న, ఆ థర్మోకోల్ పట్టుకున్నది ఎవరో ఒక్కసారి టీవీల చెప్పరాదన్న."

"జర సబర్ చెయ్యి నర్సింలు. రేపు హీరో వస్తుండు. ఇప్పుడు మాట మారిస్తే మీ అవ్వకిచ్చే ఇల్లు గూడ పోతది."

"ఇల్లు ఎవలడిగిన్రన్న? మాకిల్లు లేదా?"

"అట్ల గాదు. ఆమె పేరు..."

"ఆమె పేరు మంచిగనే ఉన్నది. పోయింది నాది."

"నాలుగు రోజులైతే అందరు మర్చిపోతరు తీయి."

"మర్చిపోనిస్తున్రా మీరు? పొద్దున లేస్తే అదే జూపెట్టవడ్తిరి."

చాయ్ తాగమన్న. వద్దన్నడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "రేపు అవ్వే చెప్తది అన్న. మైకు పెడితే ఆమెనే చెప్తది, జూడు" అన్నడు. ఆ మాటలో ఎంత నమ్మకముండె అంటే నాకు భయమేసింది.

మర్నాడు ఊరంతా జనం. అభిమాన సంఘం వాళ్లు పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టిన్రు. డప్పుల మోతలో పక్క మనిషి మాట వినబడదు. ఊరి చివర కట్టిన చిన్న ఇంటి ముందు హీరో నిలబడి యాదమ్మ చేతిలో తాళం చెవి పెట్టిండు. నేను మైకు ఆమె నోటి దగ్గర పెట్టిన. చెవుల్లో హెడ్‌ఫోన్ ఉన్నది. అంత మోతలో ఆమె మాట విన్నది నేనొక్కడినే.

"నా కొడుకు నన్ను ఇడిసిపెట్టలే" అన్నది. "నా కొడుకు మంచోడు. అగో, ఆడ గోడకాడ నిలవడ్డడు. వాన్ని గూడ ఈడికి పిలువుండ్రి."

చెయ్యెత్తి చూపించింది. నేను ఆ దిక్కు చూసిన. జనం వెనక, గోడకు ఆనుకొని నర్సింలు. ఆమె పెదవులు కదులుడు చూస్తున్నడు. వానికి ఏం వినపడలేదు. హీరో ఆమె దీవిస్తున్నదనుకొని వంగి ఆమె చేతిని నెత్తి మీద పెట్టుకున్నడు. జనం ఈలలు వేసిన్రు. ఆమె నా దిక్కు చూసి ఏడ్చింది.

నేనేం చేసిన? ఆటో స్టాండు పక్కన ఒక కారులో కూర్చొని ఆ మాటలు కోసేసిన. ఏడుపు ఉంచిన. "ఆనందం పట్టలేక కన్నీళ్లు పెట్టిన తల్లి" అని రాసి పంపిన. తర్వాత ఫోన్‌లో ఉన్న అసలుదాన్ని కూడా తీసేసిన. రెండుసార్లు చూసుకున్న, మొత్తం పోయిందా అని.

ఎందుకు తీసేసిన? ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు నేనే చూపించేవాణ్ని అనే భయమా? అంటే, నాలో ఎక్కడో మంచితనం ఉన్నదని నాకు తెలుసు, దానికి అవకాశం లేకుండా చేసుకున్నానన్నమాట. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అది తీసేసినంక నిద్ర పట్టలేదని రాస్తే మీరు నమ్ముతరు గాని, అది నిజం కాదు. నిద్ర పట్టింది. చాలా ఏళ్లు హాయిగా పట్టింది.

కొన్ని రోజులకు యాదమ్మ ఎదురుపడింది. "బిడ్డ, నేను జెప్పిన ముచ్చట రాలే?" అని అడిగింది. టైం సరిపోలేదవ్వ అన్న. "సరే తీ. మీకు పెద్ద పెద్ద ముచ్చట్లుంటయి" అన్నది. వెటకారం లేదు. నిజంగానే అట్ల అనుకున్నది.

ఆ వారంలోనే నర్సింలు ఫోన్ చేసిండు. ఇంతదాకా రాసింది నన్ను చిన్నవాణ్ని చేసేది. ఇది వేరే.

"అన్న, అవ్వ నా గురించి చెప్పిన అంటున్నది. చెప్పిందా?" అని అడిగిండు.

నిజం చెప్తే ఎందుకు చూపించలేదని అడుగుతడు. నలుగురికి చెప్తడు. ఎవరో ఒకరు వింటరు. అప్పుడే ఛానల్ వాళ్లు నన్ను హైదరాబాద్ ఆఫీసుకు తీసుకుంటమని చెప్పి ఉన్నరు. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలోనే తోచినయి.

"అట్లేం చెప్పలే నర్సింలు" అన్న. "దండం పెట్టి ఏడ్చింది, అంతే. పెద్దమనిషి గద, నీ మనసు నొచ్చుతదని అట్ల అంటుండొచ్చు."

"సరే అన్న" అని ఫోన్ పెట్టేసిండు.

ఊరు నమ్మకపోయినా వానికి తల్లి ఉన్నది. తల్లి తన దిక్కు నిలబడ్డది అనే ధైర్యం ఒకటి మిగిలి ఉండె. నేను దాన్ని కూడా తీసుకున్న. టీవీలో చెప్పింది ఊరు మొత్తానికి చెప్పిన అబద్ధం. ఫోన్‌లో చెప్పింది ఒక్క మనిషికి. ఏది పెద్దది అని ఎవరైనా అడిగితే నాకు జవాబు తెలుసు.

నేను హైదరాబాద్ పోయిన. పైకి ఎదిగిన. తర్వాత ఉద్యోగం మాని పాఠాల్లో పడ్డ. ఆ కొత్త ఇంట్లో యాదమ్మ ఒక్కనాడు కూడా పడుకోలేదని విన్న. చివరిదాకా కొడుకు దగ్గరే ఉన్నది, కొడుకు చేతుల మీదే పోయింది. నర్సింలు ఆటో అమ్మేసి జన్వాడ దిక్కు ఒక ఫామ్‌హౌజ్‌లో వాచ్‌మన్‌గా చేరిండు. ఈ సంగతులు నాకు ఎప్పటికప్పుడు తెలుస్తనే ఉండె. నేనే అడిగి తెలుసుకునేది. ఎందుకు? వాడు బాగున్నడని ఎవరైనా చెప్తే, ఇక చెప్పనవసరం లేదని అనుకోవడానికి.

క్లాసులో ఆ అమ్మాయి ప్రశ్న అడిగినంక కూడా వెంటనే నర్సింలు దగ్గరికి పోలేదు. పరీక్షలన్న, సెలవులన్న. మొన్న చలికాలంలో ఒక ఆదివారం పొద్దున జన్వాడ పోయిన. గేటు కాడ కుర్చీలో కూర్చొని ఉన్నడు. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేచిండు. కూర్చోమని ఆ కుర్చీ నాకే వేసిండు. నేను కూర్చోలేదు.

ముందు నుంచి చెప్పాలనుకొని పోయిన. కానీ చివరి నుంచి మొదలుపెట్టిన. ఆ రోజు మీ అవ్వ చెప్పింది నర్సింలు. నేను విన్న. నేనే తీసేసిన. నువ్వు ఫోన్ చేసినప్పుడు అబద్ధం చెప్పిన.

తిడతడనుకున్న. కొడితే బాగుండని కూడా అనుకున్న, మీకు నిజం చెప్పాలంటే. వాడు నన్ను చూడనే లేదు.

"ఏమన్నది? మళ్ల ఒక్కసారి చెప్పు" అన్నడు.

ఆమె అన్నది అన్నట్టే చెప్పిన. ఇడిసిపెట్టలే అన్నది. మంచోడు అన్నది. అగో, గోడకాడ అని చెయ్యి చూపింది. వాన్ని గూడ పిలువమన్నది. నర్సింలు ఆ కుర్చీలో తనే కూర్చున్నడు.

"సచ్చిపోయే ముందు గూడ అదే చెప్పిందన్న" అన్నడు. "నేను చెప్పిన బిడ్డా, నేను చెప్పిన అని. సరే తీ అవ్వా, ఇప్పుడెందుకు అని ఊకోమన్న. ఇన్నేండ్లు ఆమె ఆ హీరో ఇచ్చిన ఇంటికోసం ఊకున్నదనే అనుకున్న. అన్నం పెట్టిన, మందులిచ్చిన. నమ్మలే."

నేను క్షమించమని అడగాలని పోయిన. అడగలేదు. అడగడానికి చోటు లేదక్కడ. నా బరువు దించుకోవడానికి పోయి, అందులో సగం వాని భుజం మీద పెట్టినట్టనిపించింది. ఇది చెప్పకుండా ఉండాల్సిందా? వానికి తల్లి మాట దక్కింది. దాంతోపాటే, ఆ మాటను నమ్మలేదన్న బాధ కూడా దక్కింది. రెండింటినీ విడదీసి ఇచ్చే ఉపాయం నా దగ్గర లేదు.

లోపలి నుంచి కారు హారన్ వినిపించింది. నర్సింలు లేచి గేటు తీసిండు, కారు పోయేదాకా నిలబడి మళ్లీ వేసిండు. వేసి, అటువైపే తిరిగి అన్నడు.

"రాయి. మీరు రాస్తరు గద. నా పేరు పెట్టి రాయి, మా అవ్వ పేరు పెట్టి రాయి. నీ పేరు నీ ఇష్టం."

అంతే. ఉండమనలేదు, పొమ్మనలేదు. నేనే వచ్చేసిన.

వాడు నన్ను క్షమించలేదు. క్షమిస్తడని ఎదురుచూడడం లేదు. శుక్రవారాలు ఇంకా సినిమాలు చూపిస్తున్న. ఇకముందు కూడా చూపిస్తనో లేదో తెలియదు. ఇది చదివినంక కాలేజీలో ఎవరైనా నన్ను గుర్తుపడితే గుర్తుపట్టనీ.

వాడు రాయమన్నది ఇది. హిమాయత్‌నగర్ యాదమ్మను ఆమె కొడుకు నర్సింలు ఎన్నడూ వదిలిపెట్టలేదు. వదిలిపెట్టినట్టు చూపించింది నేను. కొడుకు గురించి ఆమె మైకులో మంచిగా చెప్పింది. ఆ మాటను లేకుండా చేసింది కూడా నేనే.

రాసిన. ఇద్దరి పేర్లూ పెట్టి రాసిన.